రాజముద్ర నుంచి పాలపిట్ట దాకా: రాష్ట్ర చిహ్నాల వెనక చట్టమెంత, నమ్మకమెంత?

క్లుప్తంగా: ‘రాష్ట్ర చిహ్నాలు’ అని అందరూ ఒకే గాటన కట్టేవాటిలో నిజానికి రెండు తెగలున్నాయి. రాజముద్రకు చట్టం కాపలా ఉంది, అందులో జాతీయ చిహ్నపు సింహాలుంటే మార్చడానికి కేంద్రం ఆమోదం కావాలి. పక్షి, జంతువు, చెట్టు, పువ్వు మాత్రం ప్రభుత్వ ప్రకటనతో వచ్చిన గౌరవాలు. ఆ హోదా వల్ల వాటికి అదనంగా చట్టరక్షణ ఏమీ రాదు. 2024లో తెలంగాణ రాజముద్ర చుట్టూ రేగిన వివాదం, దసరా రోజున పంజరాల్లో కనిపించే పాలపిట్టలు, అంతరించిపోయే దశకు చేరిన రాజస్థాన్ రాష్ట్ర పక్షి బట్టమేకపిట్ట. ఈ మూడింటినీ అర్థం చేసుకోవడానికి ఆ తేడాయే ఆధారం.

ఒకే పేరు, రెండు తెగలు

పోటీ పరీక్షల పుస్తకాల్లో రాష్ట్ర చిహ్నాలు ఒకే పట్టికలో ఉంటాయి. రాజముద్ర, గీతం, పక్షి, జంతువు, వృక్షం, పుష్పం, ఫలం, చేప అన్నీ వరసగా కనిపిస్తాయి. చదివేవారికి అన్నీ ఒకే స్థాయివి అనిపించడం సహజం. కానీ పట్టికలో మొదటి గడికీ మిగతా గడులకూ మధ్య పెద్ద అంతరం ఉంది.

రాజముద్ర అంటే ప్రభుత్వ సంతకం. ఉత్తర్వు మీద, పట్టాదారు పాసుపుస్తకం మీద, ధ్రువీకరణ పత్రం మీద అది ఉందంటే ఆ కాగితం వెనక ప్రభుత్వం నిలబడిందని అర్థం. దాన్ని ఎవరు పడితే వారు వాడితే మోసానికి దారి తెరుచుకుంటుంది. అందుకే దానికి చట్టం అవసరమైంది. 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పేర్లనూ ముద్రలనూ వ్యాపారానికి వాడుకోకుండా అడ్డుకుంటుంది. జాతీయ చిహ్నమైన నాలుగు సింహాల విషయంలో 2005లో విడిగా ఇంకో చట్టం వచ్చింది. ప్రభుత్వానికి సంబంధించినదన్న భ్రమ కలిగేలా ఆ గుర్తును వాడితే రెండేళ్ల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఆ చట్టం కింద 2007లో వచ్చిన నియమాలు రాష్ట్రాలకు ఒక హద్దు గీశాయి. రాష్ట్ర ముద్రలో సింహాల గుర్తును గానీ అందులో కొంత భాగాన్ని గానీ కొత్తగా చేర్చుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ ముందస్తు ఆమోదం ఉండాలి. నమూనా కూడా అక్కడ ఖరారు కావాలి. అంతకుముందే వాడుతున్నవారు కొనసాగించవచ్చు. అంటే రాజముద్ర రాష్ట్రానిదే అయినా, దాని నెత్తిన సింహాలు కూర్చున్నంతకాలం అది పూర్తిగా రాష్ట్రం చేతిలో ఉండదు.

పక్షికీ పువ్వుకూ ఈ తతంగం లేదు. మంత్రివర్గం గానీ ముఖ్యమంత్రి గానీ నిర్ణయిస్తే శాఖ ఒక ఉత్తర్వు ఇస్తుంది. అంతటితో పని అయిపోతుంది. జాతీయ స్థాయిలో ఇది ఇంకా వదులుగా ఉంది. హాకీ మన జాతీయ క్రీడ అని తరతరాలుగా పిల్లలు చదువుకున్నారు. 2012లో సమాచార హక్కు కింద ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు క్రీడల మంత్రిత్వ శాఖ జవాబిస్తూ, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని చెప్పింది. ఉత్తర్వు లేకుండానే చిహ్నం జనంలో బతకగలదన్న మాట.

ముద్రలో ఒదిగిన చరిత్ర

భారత ప్రభుత్వం సారనాథ్ అశోక స్తంభ శీర్షాన్ని 1950 జనవరి 26న స్వీకరించింది. అసలు శిల్పంలో సింహాలు నాలుగు. ముద్రలో కనిపించేవి మూడే. అడుగున ఉన్న తలకిందుల తామరను తీసేసి, ముండకోపనిషత్తులోని ‘సత్యమేవ జయతే’ను చేర్చారు. పాత రాతి నుంచి కొత్త రాజ్యం తనకు కావలసినది తీసుకుని, అక్కరలేనిది విడిచిపెట్టింది. ఆ తర్వాత రాష్ట్రాలు కూడా దాదాపు ఇదే దారిలో నడిచాయి.

కర్ణాటక గండభేరుండం మైసూరు ఒడయార్ల నుంచి వచ్చింది. కేరళ ముద్రలో శంఖానికి కాపలా ఉన్న రెండు ఏనుగులు తిరువాన్కూరు సంస్థానానివి. ఉత్తరప్రదేశ్ ముద్రలోని జంట చేపలు అవధ్ నవాబుల గుర్తు. తమిళనాడు మాత్రం రాజవంశపు లాంఛనాన్ని కాకుండా ఆలయ గోపురాన్ని ఎంచుకుంది, సత్యమే గెలుస్తుందన్న మాటను తమిళంలోనే రాసుకుంది.

ఆంధ్రప్రదేశ్ ఎంచుకున్నది పూర్ణకుంభం. అమరావతి స్తూపపు సున్నపురాతి ఫలకాల మీద, అంచుల దాకా నిండి తామరలు పైకి పొంగుతున్న కలశాలు పదేపదే కనిపిస్తాయి. బౌద్ధ శిల్పులు చెక్కిన ఆ కలశం, నేటికీ ఇంటికి వచ్చిన పెద్దలకు పట్టే పూర్ణకుంభం ఒకే భావాన్ని మోస్తున్నాయి. కొరత లేని ఇల్లు, వెలితి లేని స్వాగతం అన్నది ఆ భావం. రెండువేల ఏళ్ల శిల్పానికీ నిన్నటి గృహప్రవేశానికీ మధ్య ఇంత తిన్నని దారి ఉన్న రాజముద్రలు దేశంలో తక్కువ. ఉమ్మడి రాష్ట్రం ముద్రలోనూ పూర్ణకుంభమే ఉండేది. 2018 నవంబరులో ప్రభుత్వం దాన్ని అమరావతి శిల్పశైలికి మరింత దగ్గరగా తీర్చి, చుట్టూ ధర్మచక్రం, త్రిరత్నాలు, పూసల వరసలతో కొత్త రూపాన్ని అధికారికం చేసింది.

తెలంగాణ ముద్రను చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించారు. 2014 జూన్ 2న, రాష్ట్రం పుట్టిన రోజునే అది వాడుకలోకి వచ్చింది. కాకతీయ తోరణం, దాని నడుమ చార్మినార్, పైన సింహాలు. రాష్ట్ర ప్రభుత్వం పేరు తెలుగు, ఇంగ్లిషు, ఉర్దూ మూడింట్లోనూ ఉంటుంది. ఓరుగల్లు కోటలోని తోరణాలు 13వ శతాబ్దం నాటివి. చార్మినార్ 1591 నాటిది. ఒకటి కాకతీయులది, మరొకటి కుతుబ్‌షాహీలది. ఈ రెండు కాలాలనూ ఒకే వృత్తంలో పెట్టడం చరిత్ర పాఠం కోసం మాత్రమే కాదు. ఈ నేల మీద రెండు మతాలు, రెండు భాషలు కలిసే ఉన్నాయని చెప్పడం అందులో ఉంది.

2024లో వాదం ఎక్కడ తెగలేదు

2024 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం ఆ రెండు గుర్తులనూ తీసేసి, అమరవీరుల స్తూపం ప్రధానంగా కొత్త ముద్ర తెచ్చే ఆలోచన చేసింది. తోరణం, చార్మినార్ రాచరికపు ఆనవాళ్లని, ప్రజాస్వామ్యంలో ఉద్యమానికీ త్యాగాలకూ చోటు దక్కాలని ప్రభుత్వ పక్షం వాదించింది. అవి రాజుల గుర్తులు కావని, ప్రజల వారసత్వమని ప్రతిపక్షం చార్మినార్ దగ్గర నిరసనకు దిగింది. జూన్ 2 నాటికి కొత్త ముద్రను విడుదల చేయాలన్న ఆలోచనను ప్రభుత్వం వాయిదా వేసింది. అదే రోజున రాష్ట్ర గీతాన్ని మాత్రం ఆవిష్కరించింది.

రెండు వాదాల్లోనూ కొంత బలం ఉంది. వందలాది ప్రాణాలు పోయిన ఉద్యమం తర్వాత పుట్టిన రాష్ట్రానికి తన ముద్రలో ఆ జాడ ఒక్కటీ లేకపోవడం వెలితే. అయితే రాచరికం అన్న కొలబద్దతో మొదలుపెడితే అది ఓరుగల్లు దగ్గర ఆగదు. అశోకుడు చక్రవర్తి. మైసూరు, తిరువాన్కూరు, అవధ్ గుర్తులూ పోవాలి. పైగా ఓరుగల్లు తోరణం కోట గుమ్మం కాదు. కూలిపోయిన ఆలయానికి నాలుగు దిక్కులా మిగిలిన ద్వారాల్లో ఒకటి. చార్మినార్ కూడా రాజప్రాసాదం కాదు. నగరం నడిబొడ్డున నాలుగు దారులు కలిసేచోట నిలబెట్టిన కట్టడం. కట్టించినవారు పోయాక కట్టడం ఎవరిదవుతుందన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను ముద్ర నమూనా తేల్చలేదు.

దసరా చుట్టూ అల్లుకున్న తెలంగాణ చిహ్నాలు

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, జింకను రాష్ట్ర జంతువుగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. వీటిని ఒక్కొక్కటిగా బట్టీ పెడితే నాలుగు పేర్లు. కలిపి చూస్తే ఒక పండుగ కనిపిస్తుంది.

బతుకమ్మ తొమ్మిది రోజులూ గునుగుతో, తంగేడుతో వరసలు పేరుస్తారు. విజయదశమి సాయంత్రం ఊరి జనం జమ్మి దగ్గరికి కదులుతారు. పాండవులు అజ్ఞాతవాసంలో ఆయుధాలు దాచిన చెట్టు అది. ‘శమీ శమయతే పాపం’ అని చదివి, ఆకులను ‘బంగారం’గా తెంపుకొచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు. ఆ దారిలోనే పాలపిట్ట కోసం ఆకాశం వెతుకుతారు. లంక మీదికి బయల్దేరేముందు రాముడికి పాలపిట్ట కనిపించిందని నమ్మకం. నాలుగింటిలో మూడు ఇలా దసరావే. జింక ఒక్కటే కొంత ఎడంగా నిలుస్తుంది. దాని మృదు స్వభావాన్నీ, రామాయణ ప్రస్తావననూ నాటి ప్రభుత్వం కారణాలుగా చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో కృష్ణజింక రాష్ట్ర జంతువు కాగా, తెలంగాణ తీసుకున్నది మచ్చల జింకను.

తంగేడు ఎంపిక ఈ జాబితాలో ప్రత్యేకమైనది. తామర, మల్లె, గులాబీల్లా తోటలో పెంచే పువ్వు కాదిది. నీళ్లు పోసేవారు ఉండరు. బీడుల్లో, గట్ల మీద, రాళ్ల నడుమ దానంతటదే మొలుస్తుంది. బెరడు తోళ్లు పదును చేయడానికి, ఆకు పచ్చిరొట్ట ఎరువుకు పనికొస్తుంది. సాగునీరు లేని నేల, చర్మకారుల పని, ఆడబిడ్డల పండుగ మూడూ ఒకే పొదలో కలిశాయి. ఒక ప్రాంతం తన గురించి తాను చెప్పుకోదలచిన మాటను ఇంత సూటిగా మోసిన రాష్ట్ర పుష్పం మరొకటి దొరకడం కష్టం. 2016లో కొర్రమీను రాష్ట్ర చేప అయింది. అది చెరువుల తెలంగాణకు గుర్తు.

విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ఎంపికలు

ఉమ్మడి రాష్ట్రానికి పాలపిట్ట, కృష్ణజింక, వేప, కలువ అధికార చిహ్నాలు. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ నాలుగేళ్లు కొత్త జాబితా ఇవ్వలేదు. 2018లో వేపనూ కృష్ణజింకనూ ఉంచుకుని, పక్షిగా రామచిలుకను, పువ్వుగా మల్లెను తీసుకుంది. తెలంగాణ జాబితా ఒక పండుగ చుట్టూ తిరిగితే, ఇది ఇంటి వాకిలికి దగ్గరగా ఉంటుంది. వాకిట్లో వేప, జడలో మల్లె, పెరటి జామచెట్టు మీద చిలుక.

వేపకు ఆ హోదాకు తగిన పోరాట చరిత్ర కూడా ఉంది. వేపనూనెతో శిలీంధ్ర నాశని తయారీపై ఐరోపాలో ఇచ్చిన పేటెంటును, అది భారత రైతులకు ముందే తెలిసిన విద్య అన్న వాదన మీద 2000లో రద్దు చేశారు. అప్పీలు 2005లో వీగిపోయింది. మరోవైపు 2021లో రెండు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొమ్మల చివళ్ల నుంచి మాడిపోయినప్పుడు, రాష్ట్ర వృక్షమన్న హోదా ఆ తెగులును ఆపలేకపోయింది.

ఎల్లలు దాటే గుర్తులు

రాష్ట్ర చిహ్నమంటే ఆ రాష్ట్రంలో మాత్రమే ఉండేదన్న అపోహ ఉంది. పాలపిట్ట కర్ణాటక, ఒడిశాలకూ రాష్ట్ర పక్షే. కృష్ణజింక పంజాబ్, హరియాణాలకు కూడా రాష్ట్ర జంతువు. మన జమ్మి రాజస్థాన్‌లో ఖేజ్రీ పేరుతో రాష్ట్ర వృక్షం. అక్కడ అది ఎడారి పల్లెకు నీడ, మేత, వంటచెరకు. ఇక్కడ పాండవుల ఆయుధశాల. చెట్టు ఒకటే అయినా రెండుచోట్ల అది చెప్పే మాట వేరు. కాబట్టి చిహ్నం ఒక జీవి గురించి చెప్పేదానికంటే, ఆ జీవితో అక్కడి మనుషులకున్న సంబంధం గురించి చెప్పేదే ఎక్కువ.

హోదా కాపాడుతుందా?

పాఠకుల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. పాలపిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం నేరమే. అయితే అది రాష్ట్ర పక్షి కావడం వల్ల వచ్చిన రక్షణ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల వచ్చింది. చిలుకను పంజరంలో ఉంచడం కూడా అదే చట్టం ప్రకారం నేరం. కృష్ణజింక ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది. వీటిలో ఏ హోదా రద్దయినా ఆ రక్షణలో ఒక్క అక్షరం మారదు.

గౌరవమే కొన్నిసార్లు ముప్పు అవుతుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకం బలంగా ఉంది, పట్టణాల్లో పిట్ట కనిపించదు. ఆ కొరతను సొమ్ము చేసుకునేవారు ముందే పిట్టలను పట్టి, పంజరాల్లో తెచ్చి, డబ్బు తీసుకుని చూపిస్తారు. ఎగరకుండా రెక్కలు కట్టేస్తారు, తిండి నీళ్లు సరిగా ఉండవు. అటవీ సిబ్బంది, జంతు సంరక్షణ సంస్థలు ఏటా పండుగకు ముందు తనిఖీలు చేయాల్సి వస్తోంది. పాలపిట్ట పొలాల మీద పురుగులు తిని బతికే పక్షి. కరెంటు తీగ మీద కూర్చుని నేల మీది మిడతను చూసి దూకుతుంది. పురుగుమందులు, మెట్ట బీళ్లు తగ్గిపోవడం దాని తిండినే దెబ్బతీస్తాయి. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక, దీర్ఘకాలంలో 30 శాతం లేదా అంతకు మించి తగ్గిన పక్షుల్లో పాలపిట్టను చేర్చి, దాని ప్రమాద స్థాయిని మళ్లీ అంచనా వేయాలని సూచించింది. కోట్ల మంది ఒక్క చూపు కోసం ఎదురుచూసే పిట్ట, పొలం నుంచి మెల్లగా తప్పుకుంటోంది.

రాజస్థాన్ అనుభవం ఇంకా కఠినమైనది. బట్టమేకపిట్టను ఆ రాష్ట్రం 1981లోనే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఇప్పుడు ప్రకృతిలో మిగిలినవి సుమారు 150. విద్యుత్ తీగలకు తగిలి చనిపోతున్న వాటి కోసం వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడిందే ఈ పక్షి కోసం.

ఒంటె కథ ఇంకో మలుపు చూపుతుంది. 2014లో రాజస్థాన్ ఒంటెను కూడా రాష్ట్ర జంతువు చేసి, 2015లో వధనూ రాష్ట్రం దాటించి అమ్మడాన్నీ కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. ఇక్కడ హోదా వెంట చట్టం వచ్చింది. అయినా 2012 పశుగణనలో సుమారు 3.26 లక్షలున్న ఒంటెలు 2019 నాటికి 2.13 లక్షలకు పడిపోయాయి. తగ్గుదల చట్టానికి ముందే మొదలైన మాట నిజం. అయితే కొనేవాడు లేక ధర పడిపోయాక, మేపేవారికి మందను పెంచే కారణమే లేకుండా పోయింది. పెంపుడు జంతువు మేపేవాడి బతుకు మీద ఆధారపడుతుంది. ఆ బతుకును వదిలేసి జంతువును మాత్రమే కాపాడబోతే ఫలితం ఇలా ఉంటుంది.

పులి విషయంలో జరిగింది వేరు. 1972లో సింహం స్థానంలో పులి జాతీయ జంతువైంది. అదే ఏడాది వన్యప్రాణి చట్టం, 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. నాటి లెక్కలో 1,827, 2022 లెక్కలో 3,682. లెక్కించే పద్ధతులు మారాయి కాబట్టి రెండు అంకెలనూ నేరుగా పోల్చలేం. కానీ హోదాతో పాటు అభయారణ్యం, నిధులు, కాపలా సిబ్బంది, క్రమం తప్పని గణన కలిసిన ఉదాహరణ ఇదే. రాష్ట్ర చిహ్నాలకు సాధారణంగా దొరకనివి ఈ నాలుగూ.

తల్లి రూపం మారినప్పుడు

జంతువు, పువ్వు ఎంపిక మీద వీధుల్లో నిరసనలు అరుదు. మనిషి రూపమున్న చిహ్నం దగ్గరే మాటలు వేడెక్కుతాయి. 2024 డిసెంబరు 9న హైదరాబాద్ సచివాలయ ఆవరణలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహం వెలిసింది. 2009లో అదే తేదీన రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించింది. తేదీ ఎంపికే ఒక సందేశం. ఉద్యమకాలపు విగ్రహంలో కిరీటం, చేతిలో బతుకమ్మ ఉండేవి. కొత్త రూపంలో ఆకుపచ్చ చీర, కిరీటం లేని తల, ఎడమ చేతిలో వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు, కుడి చేయి అభయముద్రలో ఉన్నాయి. దేవత నుంచి పల్లె అమ్మ దగ్గరికి వచ్చామని సమర్థించేవారు అన్నారు. బతుకమ్మ లేని తల్లి తెలంగాణ తల్లి ఎలా అవుతుందని వ్యతిరేకులు అడిగారు.

ఈ తేడాకు కారణం కష్టమైనదేమీ కాదు. తంగేడు ఎవరి పార్టీదీ కాదు. తల్లి బొమ్మ మాత్రం ఉద్యమ సభల్లో, గోడల మీద, జెండాల మీద పెరిగింది. దాన్ని గీసిన చేయి ఎవరిదో అందరికీ గుర్తుంది. పుట్టుక ఎంత దగ్గరలో ఉంటే చిహ్నం మీద హక్కు వాదన అంత గట్టిగా ఉంటుంది. ఉమ్మడి రాష్ట్ర గీతమైన ‘మా తెలుగు తల్లికి’ని శంకరంబాడి సుందరాచారి రాష్ట్రం ఏర్పడకముందే రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో అది నేటికీ వివాదం లేకుండా నిలవడానికి ఆ దూరమూ ఒక కారణం.

మార్పు ఎలా జరుగుతుంది

రాజముద్ర మార్పు మళ్లీ చర్చకు వస్తే దాటాల్సిన మెట్లు ఇవే. నమూనా, మంత్రివర్గ నిర్ణయం, సింహాలున్నాయి కాబట్టి కేంద్ర ఆమోదం, ఆపైన ఉత్తర్వు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపులు, ఆఫీసు బోర్డులు, ధ్రువపత్రాలు, వెబ్‌సైట్లు, పాఠ్యపుస్తకాల అట్టలు అన్నీ మారాలి. పాత ముద్రతో జారీ అయిన పత్రాలు చెల్లుతాయని వేరుగా చెప్పాల్సి వస్తుంది. ఈ మార్పులు ఒక్క రాత్రిలో కావు, పాతదీ కొత్తదీ చాలాకాలం పక్కపక్కనే ఉంటాయి.

వాహనాల నంబర్ల దగ్గర అది కళ్లకు కడుతుంది. 2024 మార్చిలో తెలంగాణ రిజిస్ట్రేషన్ అక్షరాలు టీఎస్ నుంచి టీజీకి మారాయి. కొత్త బండ్లకే కొత్త అక్షరాలు, పాతవి పాత నంబరుతోనే తిరుగుతాయి. ఇవాళ హైదరాబాద్‌లో ఒక్క సిగ్నల్ దగ్గర ఏపీ, టీఎస్, టీజీ మూడూ ఆగి ఉంటాయి. 2014కు ముందు కొన్న స్కూటరు, ఆ తర్వాతి పదేళ్లలో కొన్న కారు, నిన్నమొన్నటి ఆటో.